ఎన్ని దాట్లు?

సఖినేటిపల్లి రేవులో ఎనిమిదింపావు పంటుకి
పదహారు సైకిళ్లు, రెండు ఆటోలు, ఒక చూడి గేదె,
నర్సాపురం బడులకి పోయే ముప్పై మంది పిల్లలు.
నేను టిక్కెట్లు చింపేవాణ్ణి.
నా బల్ల కింద రేకుపెట్టెలో నూట పద్నాలుగు నవలలు.

ఎవరూ పెట్టమన్లేదు.
తూకానికి పోతున్న గోతాం మూతి విప్పి చూశాను ఒకనాడు,
అంతే,
ఆ నెల జీతంలో సగం గోతాంలోనే ఉండిపోయింది.

పుస్తకం ఎన్ని పేజీలని ఇక్కడి పిల్లలు అడగరు.
ఎన్ని దాట్లండీ అంటారు.
దాటుకి పావుగంట.
పోటు మీదుంటే మరో నాలుగు పేజీలు కలుస్తాయి.

"దొంగతనం ఉందా?" ఏడో తరగతి బుల్లబ్బాయి.
ఉందన్నాను. మర్నాడే పోట్లాటకొచ్చాడు:
"పోయింది గొడుగేనండి! ఒక్క గొడుగు!"
"ఎవరి గొడుగో చదివావా?"
"ఇంకా మూడో దాటులో ఉన్నానండి."
వారం పోయాక చూశాను,
రేవు మెట్ల మీద నల్లగొడుగు వేసుకెళ్తున్న ముసలామెని
కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు.
ఎన్నో దాటులో ఉన్నావని అడగలేదు.

తప్పులూ చేశాను.
పడవలంటే ఇష్టం కదాని ఎలీషాకి
సముద్రం మీద సాహసం ఉన్నదిచ్చాను.
అంతర్వేది అవతల వేటకెళ్లిన వాళ్ల నాన్న బోటు
తిరిగి రాలేదని నాకు తెలీదు.
పుస్తకాన్ని పెట్టెలో పెట్టి
మూత కూడా చప్పుడు కాకుండా వేసి వెళ్లాడు.
మూడు నెలలు నా బల్లకి అటువైపు నుంచే ఎక్కాడు.
అప్పట్నుంచీ కొత్తవాళ్లకి వెంటనే ఇవ్వను.
అయిదారు దాట్లు ఊరికే కబుర్లు,
చేపపులుసు గురించీ, లెక్కల మాస్టారి గురించీ.
దీపావళి సెలవులయ్యాక తనే వచ్చాడు.
"నీళ్లు లేనిది ఏదన్నా ఉందా అండి?"
రాళ్లు కొట్టే ఊరి కథ ఒకటి తీసిచ్చాను.
అందులో ఏడేళ్లూ వాన పడదు.

"పెట్టెలో ప్రేమ కథలున్నాయట" అన్నారు ఒక పంతులుగారు,
ప్రేమ అనేటప్పుడు గొంతు తగ్గించి.
ఆయ్, ఉన్నాయండి.
దుప్పట్లో ఫోన్ వెలుగులో కంటే
పదిమంది మధ్య, గేదె పక్కన, గాలిలో చదవనివ్వండి.
"నీతి ఏమన్నా ఉందా?"
వెతుకుతున్నామండి, మీకూ ఒకటివ్వనా?
ఆయన తీసుకోలేదు.
చూపు మాత్రం రెండుసార్లు పెట్టె మీదికెళ్లింది.

వరద ఏడు నీళ్లు బల్ల కిందికొచ్చాయి.
ఒక నవలకి చివరి పదకొండు పేజీలు పోయాయి.
చెప్పకుండా ఇచ్చాను హేమదుర్గకి. అది నా కొంటెతనం.
తొమ్మిదో తరగతి, ఏ పుస్తకమూ నచ్చని పిల్ల.
నాలుగోరోజు పంటు ఆగకముందే అరిచింది,
"ఆ అక్క ఏమైంది? చెప్పండి!"
నాకు తెలుసు. చెప్పలేదు.
కోపంతో పది రోజులు రాలేదు నా దగ్గరికి.
తర్వాత పుస్తకం తెచ్చి బల్ల మీద పడేసింది.
చివర్లో రూళ్ల కాగితాలు పదిహేడు,
నీలం ఇంకు,
వల దారంతో కుట్టినవి.

అసలు ముగింపే బాగుంటుంది, నిజం చెప్పాలంటే.
దాంట్లో ఆ అక్క ఇంటికి తిరిగొచ్చి పొయ్యి రాజేస్తుంది,
చదువుతుంటే గొంతు పట్టేస్తుంది.
హేమదుర్గ కాగితాల్లో రాదు.
బస్సెక్కుతుంది. కిటికీ పక్క సీటు దొరుకుతుంది.
ఆ సీటు గురించే రెండు పేజీలు.

ఎలీషా చదివి అడిగాడు,
"రాసినాయన చివర్లో చేతిరాతలోకి దిగాడేంటండీ?"
అచ్చు యంత్రం తడిసిపోయుంటుందిలే అన్నాను.
వెనక సైకిలు పట్టుకు నిలబడ్డ పిల్ల
గోదారి వైపు తిరిగి నవ్వు మింగింది.

వంతెన వస్తుందంటున్నారు.
రావాలి, నెప్పులతో ఉన్న ఆడమనిషికి
పావుగంటంటే ఎంతో నేను కళ్లారా చూశాను.
మరి మూడు నిమిషాల్లో ఏ నవలిస్తాను,
ఆ లెక్క ఇంకా తేలలేదు.

ఇవాళ గొలుసులు వదిలారు, రేకు ఒడ్డుకి పడింది,
ఆటోలు దిగాయి, గేదె దిగింది,
ఆరో తరగతి పిల్ల ఒకత్తి మోకాళ్ల మీది పుస్తకంలోంచి
తలెత్తకుండా వేలు చూపించింది:
ఒక్క పేజీ.
పంటు వెనక్కి మళ్లింది.
రెండో టిక్కెట్టు చింపలేదు.