చిల్లర లేదు

జెండా పండగ శుక్రవారం పడింది,
కృష్ణాష్టమి శనివారం,
ఆదివారం ఎలాగూ ఆదివారమే.
క్యాలెండర్లో ఇలాంటివి చాలాసార్లు కలిసుంటాయి,
మా ఇంట్లో కలవడం ఇదే మొదలు.
పండగంటే మా ఆయనకి రెండు ట్రిప్పులు ఎక్కువ, అంతే.
ఈసారి బస్సు ఇంజను విప్పి బరంపురం షెడ్డులో పరిచేశారు.
"మూడ్రోజులు పడుకో లోకనాథం" అన్నాడట ఓనరు.

పడుకోవడం వస్తే కదా మనిషికి!
నాలుక్కే లేచి పెరట్లో పళ్ళు తోముతూ
నురగలోంచి పిలుస్తున్నాడు:
పాతపట్నం, టెక్కలి, పలాస!
జామచెట్టు మీది కాకి ఒక్కటే ఎక్కింది.

సాయంత్రం మహేంద్రతనయ ఇసకలో
పాత చీర పరుచుకుని కూచున్నాం.
నేను మరమరాలన్నాను, తోడికోడలు మినతి ముఢీ అంది,
గిన్నె ఒకటే.
ఆవనూనె ఎక్కువైందని నేను, మిరపకాయ తక్కువైందని తను.
ఈలోపల పిల్లలు
స్కూల్లో ఇచ్చిన బూందీ కూడా అందులోనే పోసి
అడుగు గీకేశారు.

శనివారం వ్యాను.
జిరంగోలో టిబెట్టోళ్ళ గుడి చూడాలని.
అత్తకి ఉపవాసం, కన్నయ్య పుట్టేదాకా పచ్చి మంచినీళ్ళే.
"మీరెళ్ళండర్రా, నాను ఉయ్యాల కట్టుకోవాల" అంది.
పులిహోర రెండు క్యారేజీలు, చెగోడీల డబ్బా,
వాంతులకి నిమ్మకాయ.
డ్రైవరు బిపిన్ పక్క సీటు చూపిస్తే కూచోడే!
తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడి
"ముందుకి జరగండి, ముందుకి..."
జరగడానికి ఎవరున్నారు, మేం తొమ్మిదిమందిమి.

ఘాటీలో హేమసుందర్ కక్కాడు.
ఆపితే ఎదురుగా బరా ఘుగ్ని బండి.
కక్కినవాడే ముందు దొన్నె పట్టుకున్నాడు.
పులిహోర మూత ఎవరూ తియ్యలేదు.
మూడింటికి లేచి తిరగమోత పెట్టినదాన్ని,
నేనూ ఆ బండి దగ్గరే నిలబడ్డాను మరి.
ఆయన మాత్రం వాచీ చూసుకుంటూ
"ఐదు నిమిషాలే, ఐదు నిమిషాలే" అని
కొండకి చెబుతున్నాడు.

గుడి పెద్దది. లోపల అరుపుల్లేవు.
అంత జనంలో అంత నిశ్శబ్దం!
గొంతు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
తోలుసంచీ గట్టిగా పట్టుకున్నాడు.
సెలవు రోజున సంచీ ఎందుకని నేనడగలేదు.

బయట మోమోల కొట్టు,
చారల గుడ్డ నడుముకి కట్టుకున్న ముసలావిడ.
ఐదు ప్లేట్లు, అత్తకో పొట్లం, నీళ్ళ సీసాలు,
నాలుగొందల తొంభై ఐదు.
సంచీ నిండా చిల్లరుంది. తియ్యడు.
ఐదొందల నోటు చాపాడు.
"ఖుచురా నాహిఁ" అని ఆవిడ
ఐదు చాక్లెట్ బిళ్ళలు చేతిలో పోసింది.

పద్దెనిమిదేళ్ళుగా
"దిగేటప్పుడిస్తా" అంటూ వచ్చిన మనిషి
అరచేతిలోకి చూసుకుని
ముందు ఎర్రబడ్డాడు, తర్వాత నవ్వాడు.
అలా నవ్వగలడని పిల్లలకి తెలీదు.
నాకు తెలుసుగానీ, మరిచిపోయాను.

తిరుగుదారిలో కిటికీ పక్కన కూచున్నాడు.
ఉదయగిరి దాటకముందే నిద్ర.
తల అద్దానికి తగిలినప్పుడల్లా
"రైట్, రైట్" అంటున్నాడు.

అర్ధరాత్రి ఉయ్యాల ఊగింది, హారతి అయింది.
అత్త వెన్న నాలిక్కి రాసుకుని
"నాకేటి తెచ్చినార్రా?" అంది.
పొట్లం విప్పాం. చల్లారి, ఒకదానికొకటి అతుక్కుని, ఆరు.
ఒకటి పైకెత్తి దీపం దగ్గర తిప్పి చూసింది.
"ఓలమ్మా, కుడుమే కదేటి!
చెవి మెలేసినారంతే."
లోపలేముందో అడక్కుండా
మాగాయ జాడీ తెమ్మంది.

ఆదివారం వాన.
గండాహాతి జలపాతం అనుకున్నాం, ఎవరూ కదల్లేదు.
నిన్నటి పులిహోర
కంచాల్లేకుండా, క్యారేజీలోంచే,
ఒకరి చెయ్యి ఒకరు నెట్టుకుంటూ తిన్నారు.
నేనేమీ అన్లేదు. మెతుకు మిగల్లేదు.

ఆయన తోలుసంచీ బోర్లించి తుడుస్తుంటే
నాణేల మధ్య బిళ్ళలు నాలుగే దొరికాయి.
ఇప్సితని అడిగాడు, హేమసుందర్ని అడిగాడు,
అత్త బుగ్గ వైపు అనుమానంగా చూశాడు.
లెక్క తేలక చివరికి
టికెట్టు పుస్తకం వెనక రాసుకున్నాడు:
"బాకీ. ఇల్లు. ఒక రూపాయి."