పైచెక్క

కాళ్ళు బాగున్నాయి.
సొరుగులు కాస్త మొండికేస్తాయి, కొవ్వొత్తి రుద్దితే దారికొస్తాయి.
అద్దం అంచున పూత పొలుసులు రాలింది, రాలనీ,
ఆ వయసుకి ఎవరి కళ్ళైనా అంతే.
గొడవంతా పైచెక్కతోనే.

ఎలినెద్ దాన్ని చేపల వ్యానులో తెచ్చింది,
వానలో, దుప్పటి కప్పి, ఒంట్లో బాగాలేని మనిషిని తెచ్చినట్టు.
"మా మేనత్త మోర్విద్‌ది. పైన కొత్తదానిలా చెయ్యి, ఇథెల్.
ముఖ్యంగా ఆ మరక తీసెయ్యి."
వెల అడక్కుండానే వెళ్ళింది.
వెల అడగనివాళ్ళే చివర్న బేరమాడతారు.

మా బ్లైనైలో కొండలు కూడా పలకలే.
పగిలిన పలకల గుట్టలు పెరటిగోడల దాకా దిగొచ్చి
వాన పడితే నల్లగా, పడకపోతే బూడిదగా.
పడకపోవడం ఎప్పుడో గుర్తులేదు.
ఇలాంటి ఊళ్ళో పుట్టినవాడికి
తుడిస్తే పోనిది ఉంటుందని తోచదు.

మొదటిరోజు స్పిరిట్‌తో పాత మెరుగు కరిగించాను.
ముదురు పాకంలా గుడ్డకి చుట్టుకుని వచ్చాయి
అరవై ఏళ్ళ వేలిముద్రలు, తలనూనె, బొగ్గుపొగ.
గోళ్ళరంగు చుక్కలు రెండు.
జుట్టు వంకులు తిప్పే ఇనుము కాల్చిన గీత ఒకటి.
మూలన పొర లేచి బుడగ కట్టింది.
సన్నకత్తితో చీల్చి, లోపలికి వజ్రం దూర్చి,
తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె నొక్కితే
ఉస్సుమని పడుకుంది.
అక్రోటు పొర. ఉల్లిపొర కంటే కొంచెం నయం.
గరుకుకాగితం నాలుగుసార్లు ఎక్కువ ఆడిందా
కింద పైన్‌చెక్క పళ్ళికిలిస్తుంది,
పట్టుచొక్కా కింద చిరుగుబనీను.

మరక మాత్రం పోలేదు.
ఎడమవైపు, జానెడు వెడల్పున, ముదురు గుండ్రం.
కప్పు అంచు గీసే సున్నా కాదు, నిండు గుండ్రం.
ఆక్సాలిక్ ఆమ్లం పట్టించాను. నా ముక్కు మండింది,
దానికి చీమ కుట్టినట్టైనా లేదు.
మా నాన్న గనిలో వాడే తిట్లు కొన్ని పట్టించాను.

మూడోరోజు సాయంత్రం వాన తెరిపిచ్చింది.
షెడ్డు తలుపులోంచి ఎండ అడ్డంగా పడింది.
అప్పుడు చూశాను:
సొరుగు లోపలి అంచు, అద్దం వెనక దాగిన అంగుళం,
అన్నీ ఆ గుండ్రం రంగే.

మరక అది కాదు.
మరక మిగిలినదంతా.
మా ఊరికి దక్కే ఆ పిసరంత ఎండే
కిటికీలోంచి వచ్చి ఏళ్ళ తరబడి
చెక్కని పాలిపోనిస్తూ కూర్చుంది, ఒక్కచోట తప్ప.
ఆ ఒక్కచోటునే
మూడురోజులుగా గీకుతున్నాను.

ఫోన్ చేశాను. అక్కడ ఏముండేది?
"బిస్కెట్ డబ్బా. అత్త పోర్త్‌మడోగ్ బస్సులో కండక్టరు కదా.
సీట్ల కింద దొరికినవి అందులో వేసేది.
ఒంటి చేతితొడుగులు, బొత్తాలు, తాళంచెవులు, ఒకసారి కట్టుడుపళ్ళు.
మమ్మల్ని కదపనిచ్చేది కాదు. ఎవరివో వాళ్ళొస్తారు, అనేది."
వచ్చారా?
"ఒకాయన వచ్చాడు, తొడుగు కోసం.
రెండోది అప్పటికే పారేశాడట."
డబ్బా ఏమైందని అడగలేదు. గొంతే చెప్పింది.

లక్కరేకులు రాత్రంతా స్పిరిట్‌లో నానేశాను.
ఏ ఎండదేశపు కొమ్మల మీదో పురుగులు కట్టుకున్న గూడు,
వానదేశంలో ఒక ముసలి చెక్కకి చర్మం.
గుడ్డ ఉండచుట్టి, చుక్క నూనె తగిలించి,
ఎనిమిది అంకె మీద ఎనిమిది అంకె, చెయ్యి ఆపకుండా.
ఆపితే అతుక్కుంటుంది,
ఆపైన అది నీ మరక.
గుండ్రం మీదా అదే చెయ్యి, ఎక్కువా తక్కువా లేదు.

శనివారం ఎలినెద్ వచ్చింది.
"అలాగే ఉందే."
ఉంది.
చీటీ చదివింది: సొరుగులకి ఇంత, అద్దానికి ఇంత,
పైచెక్కకి ఏమీ లేదు.
బేరమాడలేదు. నోట్లు లెక్కపెట్టడానికి
తడిసిన తొడుగు ఒకటి తీసి
సరిగ్గా ఆ గుండ్రంలో పెట్టింది.

తియ్యి, అని అరిచాను. లక్కకి నీళ్ళు పడవు!

అప్పటికే తెల్లగా, అయిదు వేళ్ళు.
ఆరితే పోవచ్చు, అన్నాను.
పోకపోయినా
చీటీలో రాయనులే.