రెండు వేళ్ళ నీరు

ముప్పై ఒక్క ఏళ్ళు
ఈ నదిని అంకెల్లో చూశాను.
పొద్దున్న ఆరింటికి ఎగువ మట్టం, దిగువ మట్టం,
ఎత్తిన గేట్లెన్ని, కాలవలకి పోయిందెంత.
టీ గ్లాసు అడుగు గుండ్రంగా అంటిన కాయితం మీద
కృష్ణ, నా చేతిరాతలో.
పాదం పెట్టింది మాత్రం పుష్కరాలకే,
అదీ మెట్టు మీద నిలబడి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని.

రిటైరైన మూడో ఆదివారం, పున్నమి ఘాట్.
ఎవరి చెమటో ఇంకా ఆరని నారింజ రంగు జాకెట్
నాకు తొడిగి, పట్టీ బిగించి
"ఊపిరాడుతోందా అమ్మా?" అన్నాడు నాంచారయ్య.
నాగాయలంక మనిషి. సముద్రం పక్కన పెరిగిన గొంతు.
"పోటీ ఏం కాదు. లంక ఎక్కడికీ పారిపోదు.
నీళ్ళని కొట్టమాకండి,
కాస్త పక్కకి జరగమని అడగండి, చాలు."

మందుల షాపు అన్నదమ్ములిద్దరూ
ఒకే చోట గుండ్రంగా, గానుగెద్దుల్లా.
పటమట నుంచి వచ్చిన కొత్త జంట
తూర్పుకి ఒక తెడ్డు, పడమరకి ఒక తెడ్డు.
తొమ్మిదేళ్ళ రుఖియా మాత్రం
వాళ్ళ నాన్న పడవ ముందు కూర్చుని
అందరికీ దారి చెబుతోంది.

మొదటి పావుగంట నేను నది మీద లేను,
నా భయం మీద కూర్చున్నాను.
చెల్లెలి ట్రాక్‌ప్యాంటు, పసుపుపచ్చ ప్లాస్టిక్ దొన్నె,
బిగదీసిన పళ్ళు.
తర్వాత ఎప్పుడో మోకాళ్ళు వదులయ్యాయి.
తెడ్డు మీంచి జారిన నీరు మోచేతి దాకా పాకి
గాజుల దగ్గర కాసేపాగి
ఒళ్ళోకి దిగింది.
ఇంత చల్లగా ఉంటుందని
ఏ రిజిస్టర్లోనూ రాయలేదు నేను.

వెనక బ్యారేజీ, పళ్ళు కిందికి పెట్టిన దువ్వెనలా.
దాని మీద లారీ హారన్
మా దాకా వచ్చేసరికి దూడ అరుపంత.
కొండ మీది మైకులో ఎవరో తప్పిపోయారట,
పేరు మాత్రం నీళ్ళలో పడిపోయింది.

"ఇక్కడ లోతెంతుంటుందండీ?" కొత్త పెళ్ళికూతురు.
నాకు తెలుసు. నాలిక చివరే ఉంది, దశాంశంతో సహా.
నాంచారయ్య తెడ్డు నిలువుగా దించాడు.
చెయ్యి భుజం దాకా మునిగింది.
"అందలా" అన్నాడు.
ఆ మాట రాయడానికి
మా దగ్గర గడి ఉండేది కాదు.

లంక ఇసక పడవ కింద గరగరమంది,
మరమరాల బస్తా మీద కూర్చున్నట్టు.
రెల్లు, కొంగ నడిచిన గుర్తులు,
ఏ వరదకో కొట్టుకొచ్చిన ఎడమకాలి చెప్పు.
ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు పేపరు మీద పోసి
నాంచారయ్య చెబుతున్నాడు:
"మా ఊళ్ళో ఇదే కృష్ణ రోజుకి రెండుసార్లు
వెనక్కి నడుస్తాదండి, పోటుకి.
ఇక్కడేమో ఆఫీసోళ్ళు ఊఁ అంటేనే కదులుద్ది."
నేను కాయ వలుచుకుంటూ
ఊఁ అన్నాను.

అలవాటు చావదు.
రెల్లుపుల్ల విరిచి నీటి అంచున గుచ్చాను.
"ఎందుకాంటీ?" అంది రుఖియా.
"ఊరికే."

ఒడ్డున వెల్లకిలా పడుకున్నాం అందరం,
ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. అన్నదమ్ముల్లో ఒకాయన గురక.
ఎండ కనురెప్పల మీద ఎర్రగా.

లేచి చూస్తే పుల్ల దగ్గర
తడి గీత కింద రెండు వేళ్ళు తగ్గింది నీరు.
తూర్పు కాలవకి వదిలి ఉంటారు.
ఈపాటికి నా కుర్చీలో ఎవరో
టీ గ్లాసు పక్కకి జరిపి
రాస్తూ ఉంటారు.

రుఖియా గొంతుక్కూర్చుని
తన వేళ్ళు ఆనించి కొలిచింది.
"రెండు కాదు ఆంటీ, మూడు."
ఇద్దరం మళ్ళీ కొలిచాం.
నావి రెండే. తనవి మూడే.

"ఎక్కండమ్మా, గాలి తిరుగుతోంది" అన్నాడు నాంచారయ్య.
పుల్లని అక్కడే వదిలేశాను.