పన్నెండుమంది ప్రయాణికులు

ఇరవయ్యారేళ్ళు సమోరాలో బస్సు నడిపాను.
రోజుకి ఎనిమిదిసార్లు ఇనుప వంతెన దాటాను.
కింద దువేరో ఉందని తెలుసు,
పొరుగింట్లో ఎవరో ఉన్నారని తెలిసినట్టు.
తల తిప్పి పలకరించే తీరిక మాత్రం లేదు.
ముందు సిగ్నలు, వెనక హారన్లు,
పక్కన చిల్లర చాలని ముసలాయన.

రిటైరైన ఏడాది
అతిలానో తన కొట్లో పాత సైకిలొకటి విప్పి, బిగించి ఇచ్చాడు.
వెనక రెండు సంచులు, ముందొక గంట.
అద్దం కూడా పెట్టమన్నాను.
"ఏటి దారి కదా, వెనకనించి ఏమొస్తుందని?" నవ్వాడు.
అయినా పెట్టాడు.
అద్దం లేకపోతే నాకు ముందుకి చూడటం రాదు.

పొద్దున్నే బయల్దేరాను.
కోటగోడ మీద ఇంకా ఎండ పడలేదు.
చర్చి గోపురాల మీద కొంగలు ముక్కులు టకటకలాడిస్తున్నాయి,
చెక్క గరిటెలతో ఎవరో పేచీ పడుతున్నట్టు.
పాత నీటిమరల దగ్గర
ఏరు రాళ్ళ సందున దూరి, నురగై, మళ్ళీ సర్దుకుని
తన మానాన తను పోతోంది.
వందల ఏళ్ళు పిండి విసిరి విసిరి
ఇప్పుడు పని మానేసిన తిరగళ్ళు.
నాలాగే, అనుకున్నాను. కాదులే,
వాటికి పింఛను రాదు.

మట్టి దారి. కార్లు రావు.
రావన్న సంగతి నా వీపు నమ్మడానికి చాలాసేపు పట్టింది.
మూడు కిలోమీటర్ల దాకా భుజాలు చెవుల దగ్గరే ఉన్నాయి.
పాప్లర్ చెట్లు హోరుమన్నప్పుడల్లా
లారీ అనుకుని ఓరకి జరిగాను.
అద్దంలో చూస్తే
నేను లేపిన దుమ్మే, నెమ్మదిగా కూచుంటూ.

తర్వాతెప్పుడో, ఏ మలుపు దగ్గరో చెప్పలేను,
భుజాలు దిగాయి.
గొలుసు చప్పుడు వినబడింది.
నీళ్ళకి వాసనుంటుందని తెలిసింది:
తడిరాయి, అడవిపుదీనా, కాస్త చేప.
ఒకచోట గొర్రెలమంద అడ్డొచ్చింది.
కాపరి కుర్రాడు చేత్తో ఆగమన్నాడు.
నూటనలభై గొర్రెలు దాటేదాకా
ఎవ్వరూ హారన్ కొట్టలేదు.

మధ్యాహ్నానికి ఆ పల్లె వచ్చింది.
మా పదకొండో నంబరుకి ఆఖరి స్టాపు.
ఎక్కే జనం లేరని నాలుగేళ్ళ కింద రూటు ఎత్తేశారు;
చివరి ట్రిప్పు నాదే.
రేకుల షెడ్డు అలాగే ఉంది. బల్ల అలాగే ఉంది.
బల్ల మీద ఎతెల్వీనా కూడా.
బేస్తవారం బేస్తవారం గుడ్లబుట్ట ఒళ్ళో పెట్టుకుని
సరిగ్గా నా వెనక సీట్లో కూచునేది,
"గుంటలు చూసి పోనీ అమ్మాయ్" అంటూ.

నన్ను చూసింది. సైకిలు చూసింది.
షెడ్డు గోడ మీద ఎండకి వెలిసిన టైంటేబుల్ చూసింది.
"ఆలస్యం," అంది.

ట్రాఫిక్కు, అనబోయాను.
ఇరవయ్యారేళ్ళు నా దగ్గరున్న జవాబు అదొక్కటే.
వెనక ఏరు గలగలమంటోంది.
మింగేశాను.

వెల్లుల్లి చారు పెట్టింది, నిన్నటి రొట్టె పెట్టింది.
రోజూ అక్కడెందుకు కూచుంటావని అడిగితే
"నీడ బావుంటుంది," అంది. అంతే.
బయల్దేరేటప్పుడు డజను గుడ్లు
ఒక్కోటీ పాత పేపర్లో చుట్టి,
అన్నిటినీ కలిపి నా రెయిన్‌కోటులో మూటగట్టి
సంచిలోకి దించింది.
"ఊళ్ళో మా చెల్లెలికి. మూడో అంతస్తు. లిఫ్టు లేదు."

సాయంత్రపు ఎండ ఏటి మీద ఏటవాలుగా పడుతోంది.
దారి నిండా గులకరాళ్ళు, చెట్లవేళ్ళు,
పొద్దున నాకు కనబడనివన్నీ.
గుంట గుంటకీ సీటు మీంచి కాస్త లేచి,
నిలబడ్డ ముసలివాళ్ళతో బండి నిండినప్పుడు వేసే
ఆ పాత మెత్తటి బ్రేకు వేస్తూ,
అద్దంలో మాటిమాటికీ
సంచి వంక చూసుకుంటూ వచ్చాను.

వీధిదీపాలు వెలిగే వేళకి
పదకొండుమంది క్షేమంగా మూడో అంతస్తు చేరారు.
ఒకరు దారిలోనే,
నా రెయిన్‌కోటులో దిగిపోయారు.