పలకని అక్షరం

తుఫాను దాటిన మూడోనాడు
ఆర్యపల్లి ఇసుకలో, విరిగిన గొడుగు కింద
ఒడియా గుమస్తా, ఇంగ్లీషు ఫారం,
మధ్యలో తెలుగు ముక్క కోసం నేను.

"డెబ్రీ అని రాయి. చివర ఎస్ ఉంటుంది.
రాయాలి, పలకకూడదు."

డెబ్రీ అంటే ఏటిరా, అంది సూరాడ కామమ్మ.
శిథిలాలన్నాను.
అవి కోటలకి కదేటి, అంది.
చెత్త అన్నాను.
చేతిలో అట్లకాడ నా వైపు తిరిగింది.

సగం తెడ్డు, వల తాలూకు సీసం గుళ్ళు,
ఉప్పు తాగిన రేడియో,
గిన్నె దొరకని మూత.
దేన్నీ ఆ మాటలోకి పోనివ్వలేదు.

ఇంటి యజమాని పేరు?
ఆమె పలకలేదు. పెళ్ళైన నాటి నుంచీ పలకలేదు.
ఇసుకలోంచి పడవ చెక్క లాగి
నా ముందు పెట్టింది.
నీలి రంగులో ఆయన పేరు,
చివరి అక్షరం దగ్గర విరిగి.

చూసి రాసుకున్నాను.