తొమ్మిది పెట్టలూ ఒక పుంజూ

ఆరిలోవ చివర, రోడ్డు కొండెక్కడం మానుకున్న చోట మా ఇల్లు.
తొంభై గజాలు. మేడమీద రేకుల పాక.
పాకలో తొమ్మిది పెట్టలు, ఒక పుంజు.
పిల్లల్ని లెక్కపెట్టం, గద్దకి వినపడుతుందని.

హుద్‌హుద్ వెళ్ళిన పదేళ్ళకి
ఇంటికి బీమా చేయిద్దామనుకున్నాం.
హార్బర్లో ముప్పైరెండేళ్ళు క్రేను కింద నిలబడ్డవాణ్ణి.
నెత్తిన ఏది పడుతుందోనన్న భయం
రిటైరయ్యాకే మొదలైంది నాకు.

సర్వేకి వచ్చిన కుర్రాడి పేరు ప్రహరాజు.
గోడలు కొలిచాడు. బీటలు ఫొటో తీశాడు.
స్విచ్చిబోర్డు మూత తెరిచి, మూసి,
మేడెక్కి, చెప్పుకి అంటినదాన్ని గోడకి రాస్తూ
"జంతువులున్నాయా?" అన్నాడు.

"జంతువులేటి బావూ, కోళ్ళు" అంది అప్పయ్యమ్మ.
"పెంపకమా, వ్యాపారమా?"
ఎదురింటి బాలింతకి వారానికి నాలుగు గుడ్లు ఊరికే ఇస్తుంది.
మూలకొట్టు సూరిబాబుకి పన్నెండేసికి అమ్ముతుంది.
ఆ రెంటికీ మధ్య గడి లేదు వాడి ట్యాబులో.
"జాతి?"
దానికి మాత్రం తడుముకోలేదు:
"అది డేగ. ఇది కాకి. ఆ మూలది పర్ల.
మెడమీద ఈకల్లేనిది మైల,
కంబాలకొండ పునుగుపిల్లి పట్టి ఒగ్గేసింది దాన్ని."
కుర్రాడు ‘ఇతరములు’ నొక్కాడు.

అట్టపెట్టెలో పిల్లల వెచ్చదనానికి వేలాడదీసిన
అరవై క్యాండిల్ బల్బు దగ్గర చాలాసేపు ఆగాడు.
మంట ఇక్కణ్ణుంచి లేస్తే పైసా రాదన్నాడు.
పుంజు పక్కింటి పిల్లాణ్ణి పొడిస్తే మీరే చూసుకోవాలన్నాడు.
గాలికి రేకులు లేచిపోతే రేకులకిస్తారట,
రేకుల కింద ఉన్నవాటికి ఇవ్వరట.

తర్వాత గొంతు తగ్గించి
"లేవని రాసేస్తానండీ. ప్రీమియం తగ్గుద్ది.
ఫొటోకి ఓ గంట కిందకి దించేయండి చాలు."

నేను సరే అనబోయాను.
నిజమే చెబుతున్నాను, నోరు కూడా తెరిచాను.

"ఆ ఆదివారం ఈయన డ్యూటీలో ఉన్నారు బావూ.
రేకులన్నీ ఎగిరిపోనాయి. నాను మంచం కింద,
ఈటి అమ్మమ్మలు నా ఒళ్ళో.
గాలి ఆగిందాకా ఆటి గుండెలు
నా చేతికి తగుల్తానే ఉన్నాయి.
లేవని ఏ చేత్తో రాయమంటావు?"

వాడు పది అని రాశాడు.
ప్రీమియం పెరిగింది. గుడ్ల డబ్బాలోంచి కట్టాం,
తవుడంటిన పదినోట్లు, ఒక్కొక్కటీ దులిపి.

పదిహేను రోజులకి కాగితం వచ్చింది, అంతా ఇంగ్లీషు.
ఎదురింటి బాలింత, ఊయల కాలితో ఊపుతూ
నాలుగో పేజీ చదివి చెప్పింది:
పక్షులకి గానీ, పక్షుల వల్ల గానీ
కలిగే ఏ నష్టానికీ ఇది వర్తించదు.

"మరెందుకు లెక్కెట్టాడూ?" అంది అప్పయ్యమ్మ.
గుడ్డుమీద ఈకలు పీకేవాళ్ళున్నారని విన్నాను గానీ
గుడ్ల సొమ్ము పుచ్చుకుని మరీ పీకుతారని
అరవయ్యో ఏట తెలిసింది.

కాగితం బీరువాలో పెట్టాను.
తను మాత్రం ఎలక్ట్రీషియన్ని పిలిచి
బల్బు తీగ మార్పించింది,
అట్టపెట్టె తీసేసి ఇటుకలు పేర్పించింది.
నూట ఎనభై అయింది. రసీదు లేదు.

రోజూ పడుకునేముందు పైకెళ్ళి
చీకట్లో చేత్తో తడిమి లెక్కపెట్టుకుంటుంది.
ఇవాళ ఎనిమిదే తగిలాయట.
కొండవైపు కుక్కలు మొరుగుతున్నాయి.
మైల లేదు, టార్చి తెమ్మని అరుస్తోంది పైనుంచి,
చెప్పులు వెతుక్కోకుండానే మెట్లెక్కుతున్నాను.