ముప్పై ఏడో నంబరు బూట్లు

ఉషువాయాలో గాలికి తలుపు తట్టే అలవాటు లేదు.
తోసుకొస్తుంది, నా రసీదు పుస్తకం తిరగేస్తుంది,
ఎవరు ఎప్పుడు తిరిగొస్తారో చదివేసి వెళ్ళిపోతుంది.

నన్ను సులేమా బారియెంతోస్ అంటారు.
రేవుకి దిగే ఏటవాలు వీధిలో, రొట్టెల బట్టీ పక్కన,
మంచుఖండానికి పోయేవాళ్ళకి బట్టలు అద్దెకిస్తాను.
ఇరవై ఆరు వేసవులు.
మాకు వేసవంటే డిసెంబరు. చెబితే నవ్వుతారు,
చేతులు చంకల్లో దాచుకుని మరీ నవ్వుతారు.

వచ్చీ రాగానే ఎర్రకోటు అడుగుతారు, ఫోటోలో బాగుంటుందని.
నేను ముందు కాళ్ళు చూస్తాను.
పల్చని మేజోడు ఒకటి, దానిమీద ఉన్నిది ఒకటి,
ఆపైన బూటులో బొటనవేలు కదలాలి.
బిగుతుగా ఉన్నది ఏదైనా చలికి చుట్టమే.
ఉంగరాలు తీసేయండి, వేళ్ళు సన్నబడి జారిపోతాయి.
మాత్ర మింగేది ఓడ ఊగాక కాదు, ఊగకముందు.
డ్రేక్ జలసంధిలో కడుపు
కన్నతల్లి మాట కూడా వినదు.

అసలు పని అంతకన్నా చిన్నది:
ఒక పట్టకారు, ఒక భూతద్దం, గురకపెట్టే వాక్యూమ్ క్లీనర్.
అతుకు పట్టీల్లో ఇరుక్కున్న గడ్డిగింజ,
జేబు కుట్ల మూలన మిగిలిన ఇంటి మట్టి,
ఏదీ అక్కడ అడుగుపెట్టకూడదు.
గింజకి వీసా అక్కర్లేదు, ఒక్క పగులు చాలు కాపురానికి.
అందుకని తవ్వుతాను.
హంగరీ పళ్ళ డాక్టరు జేబులో సీమజీలకర్ర.
టాస్మానియా ముసలావిడ లేసుల్లో కుక్క వెంట్రుక.
పారేయబోతే ఆగమంది, నా చేతిలోంచి తీసుకుని
కళ్ళజోడు పెట్టెలో పడుకోబెట్టింది.
ఒకతని లోపలిజేబులో విడాకుల కాయితం, నాలుగు మడతలు.
తెల్లబోయాడు.
అది మొలకెత్తదులెండి, ఉంచుకోండి అన్నాను.

ఇవాళ రెండింటికి రెమీహియో పరిగెత్తుకొచ్చాడు.
ఓడలో బూట్లగది చూసే కుర్రాడికి కడుపునొప్పి,
ఆస్పత్రిలో కోతకి పడుకోబెట్టారు.
కింద అంతస్తులో పడక, కిటికీ లేదు, ఆరింటికి లంగరెత్తుతారు,
వస్తావా?

ఇన్నేళ్ళూ నా కోట్లే వెళ్ళొచ్చాయి.
మోకాళ్ళకి పెంగ్విన్ రెట్ట అంటించుకుని వస్తే
ఉతికి ఉతికి,
ఆ దేశం నా ముక్కుకి తెలుసు, కంటికి తెలీదు.

వస్తానన్నాను. ఆ తర్వాత చేతులాడలేదు.
జాబితాలు చదివి చదివి నోరరిగినదాన్ని,
ఏం సర్దాలో తోచక
పిల్లి పాలగిన్నె రెండుసార్లు కడిగాను.
ఎదురింటి ఎలిసేయాకి తాళాలిచ్చి
దుకాణం సంగతి మరిచి పిల్లి సంగతే చెప్పాను.

నాలుగున్నరకి నా కోటు బల్లమీద పరిచాను.
ఎప్పుడూ పరాయి జేబులే, నా జేబు నాకే కొత్త.
కుడివైపు అడుగున
ఊదారంగు మరక, మూడు కలఫాతే గింజలు.
పోయిన మార్చిలో కంచె దగ్గర, ముళ్ళు గీరుకుంటూ తిన్నవి.
కలఫాతే తిన్నవాళ్ళు మళ్ళీ ఇక్కడికే వస్తారని
మా వైపు మాట.
ఆ పూచీ నాతో ఓడెక్కడానికి వీల్లేదు.
రూలు నేను పెట్టింది కాదు, ఇన్నేళ్ళూ అమలు చేసింది మాత్రం నేనే.
పట్టకారుతో ఒక్కొక్కటే తీసి
గల్లాపెట్టెలో చిల్లర పక్కన పెట్టాను.

బూట్లు ముప్పై ఏడు.
నా పేర నేనే రసీదు రాసి, అద్దె డబ్బు లెక్కపెట్టి కట్టాను.
తిరిగిచ్చే తేదీ అన్న గడి దగ్గర
పెన్ను నిలబడిపోయింది.
ఎందరిని గద్దించి నింపించానో ఆ గడి.

కింద రేవులో ఓడ ఒకసారి కూసింది.
తలుపు తోసుకుని గాలి వచ్చి పుస్తకం మీద వాలింది,
చదవడానికి ఏమీ దొరక్క నా వైపు చూసింది.

బూటులో బొటనవేలు కదిపి చూసుకున్నాను.
కదిలింది.